కాలువ మనది, తూము వారిది

వకీలు వృత్తియందు ఇరువది యేండ్లు గడపినవార మగుటచే వాయిదా యను మాట మాకు క్రొత్తది గాదు. సాక్షి రాలేదని యొకటి, కాగితములు చేరలేదని యొకటి, న్యాయాధిపతికి బదిలీ యైనదని యొకటి - ఇట్లు తండ్రి వేసిన దావా కొడుకు చేతికి వచ్చుట ఏలూరు కోర్టులలో మా కన్నులయెదుటనే చూచియున్నాము. వాయిదా కోరువాని మొగము చూచినంతనే ఆ దావాలో లాభ మెవనిదో చెప్పగలము. భూమి యనుభవించుచున్నవాడు వాయిదా కోరును. భూమి పోగొట్టుకొన్నవాడు తీర్పు కోరును.

ఇట్టి వాయిదా యొకటి కోర్టు వెలుపల, దేశ ప్రజలందఱి డబ్బుసంచిని గూర్చి నడచుచున్నది. దానిని గూర్చి మన పట్టణములలో మాటాడువారు కానరారు. 2020 నవంబరు 5వ తేదీన నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వారు ఒక నిబంధన ప్రకటించిరి. ఫోనుద్వారా డబ్బు పంపెడి యూపీఐ లావాదేవీల సంఖ్యలో ఏ యొక్క కంపెనీ యాప్‌నకును నూటికి 30 వంతులకు మించి యుండరాదని దాని సారము. అప్పటికే హద్దు దాటియున్నవారికి రెండేండ్ల గడు విచ్చిరి. 2022 చివర ఆ గడువు 2024 చివరకు జరిగెను. 2024 డిసెంబరు 31న, గడువు ముగియు దినముననే, 2026 డిసెంబరు 31కి జరిగెను. హద్దు దాటినవా రిద్దఱే: ఫోన్‌పే, గూగుల్ పే. నిబంధన పుట్టిననాడు ఒక్కొక్కరు నూటికి 40 చుట్టుప్రక్కల నుండిరి. 2024 చివరకు గూగుల్ పే 37 చుట్టుప్రక్కలకు వచ్చెను. ఫోన్‌పే 48 చేరెను. ఇరువురు కలిసి 80కి పైమాటయే. తగ్గుటకై యిచ్చిన గడువును పెరుగుటకై వాడుకొన్న ప్రతివాదిని మా వృత్తిలో ఎన్నడైన చూచితిమా యని జ్ఞాపకము చేసికొనుచున్నాము. చూచితిమి, కాని వానికి రెండవ వాయిదా యిచ్చిన న్యాయాధిపతిని మాత్రము చూడలేదు.

మన డెల్టా చదువరులకు ఈ సంగతి కాలువ భాషలో చెప్పిన సులభముగా బోధపడును. 1852 నాటికి ధవళేశ్వరమున గోదావరికిని, 1855 నాటికి బెజవాడయొద్ద కృష్ణకును ఆనకట్టలు కట్టిరి. ఆ రెండు నదుల కాలువలును వచ్చి ఏలూరిలో కలిసికొన్నవి. ఇట్టి భాగ్యము మఱి యే యూరికి గలదో మాకు తెలియదు. కాలువలో నీరు నిండుగా పాఱుచుండవచ్చును. గట్టుమీద నిలిచి చూచువానికి కన్నులపండుగగా నుండవచ్చును. కాని పొలమున పడవలెనన్న ఆ నీరు తూముగుండ రావలయును. తూము ఎవని చేతిలో నున్నదో నీరు వానిదే యని శివారు రైతు నెవని నడిగినను చెప్పును. వానికి ఈ శాస్త్రము పుస్తకములలో చదువ నక్కఱలేదు.

యూపీఐ యట్టి కాలువ. 2008లో రిజర్వు బ్యాంకు, బ్యాంకుల సంఘము చొరవచే, లాభాపేక్ష లేని సంస్థగా నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఏర్పడెను. పది బ్యాంకులు దానికి మూలపురుషులు. ఆ పదింటిలో యూనియన్ బ్యాంకు ఒకటి. 1923లో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు బందరున స్థాపించిన మన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న కలిసిపోయినది దానియందే. కావున ఆ కాలువ త్రవ్వకమున మన గడ్డపార పోటు కూడ నొకటి గలదని చెప్పుకొనుటకు సందున్నది. 2016 ఏప్రిల్‌లో కాలువకు నీరు వదలిరి. ఆ నవంబరు 8న పెద్దనోట్లు రద్దయి జనము బ్యాంకుల వాకిండ్ల నిలువబడినప్పుడు ఆ నీటి విలువ అందఱికి తెలిసినది. 2025 ఆగస్టు నెలలో ఆ కాలువగుండ 2,000 కోట్లకు మించిన లావాదేవీలు జరిగినవి. వాని విలువ దాదాపు 24.85 లక్షల కోట్ల రూపాయలు. ఏలూరు బజారులో శీలావతి, బొచ్చె కోసి యిచ్చు చేపలమ్మ తట్టప్రక్కను గళ్ల పలక నిలిపి యుంచినది. తాడేపల్లిగూడెము ఉల్లిబజారులో బస్తా దింపిన హమాలీ కూలిడబ్బు ఫోనులో పడిన మ్రోత విని గాని కదలడు. ఇంతటి కార్యము మఱియే దేశమును ఇంత చవుకగా సాధింపలేదని మేము గర్వముతో చెప్పుచున్నాము. కాలువను నిందించుట మా యుద్దేశము గాదు.

కాని ఆ చేపలమ్మ ఏమని యడుగునో వినుడు. "డబ్బులా, ఫోన్‌పేనా అండీ?" అని యడుగును. కొనువాని చేతిలో గూగుల్ పే యుండవచ్చును, తన బ్యాంకు యాపే యుండవచ్చును; పలక మీద మఱియొక కంపెనీ పేరుండవచ్చును. అయినను మాట మాత్రము ఆ యొక్క కంపెనీదే. డబ్బు పంపుట యను క్రియకు ఒక వ్యాపారి పేరు ధాతువై కూర్చున్నది. త్రవ్వినవాని పేరు ఎవరికిని తెలియదు. తూమువాని పేరు పసిపిల్లలకు గూడ తెలియును. దీనికి మించిన పెత్తన మేమున్నది?

ఆ పెత్తనము ఎట్లు వచ్చినది? ఫోన్‌పే 2015 చివర బెంగుళూరున పుట్టినది. మఱుసటి యేడు ఫ్లిప్‌కార్టు దానిని కొనెను. 2018లో అమెరికాలోని వాల్‌మార్టు 1,600 కోట్ల డాలర్లు పోసి ఫ్లిప్‌కార్టులో నూటికి 77 వంతులు కొనుటతో పిల్లకోడియు తల్లికోడితోపాటు గంపలోనికి పోయినది. గూగుల్‌వారు 2017 సెప్టెంబరున తేజ్ అను పేర దిగి, మఱుసటి యేడు పేరు మార్చుకొనిరి. ఆ మొదటి దినములు మనకు జ్ఞాపకమున్నవి. స్నేహితునికి పది రూపాయలు పంపిన ఇరువది తిరిగివచ్చెడివి. గీకిన చీటీలో నూఱు రూపాయలు పడినవని మా గుమాస్తాయే ఎగిరి గంతు వేసెను. ధర్మసత్రములో భోజనము పెట్టినవాడు పుణ్యమునకు పెట్టునుగాని, మహాజనులారా, అంగడి తెఱచిన మొదటి మాసము ఉచితముగా పంచువాడు పుణ్యమునకు పంచునా? నష్టమును భరింపగల సంచి గలవాడు పంచెను. సంచి లేనివాడు చూచుచు నిలిచెను. దానికి పోటీ యని పేరు పెట్టితిమి.

ఇంతలో 2020 జనవరి 1 నుండి యూపీఐ చెల్లింపునకు వర్తకునివద్ద రుసుము పుచ్చుకొనరాదని ప్రభుత్వము శాసించెను. చిన్న వర్తకునికి ఇది మేలే, కాదనువారము గాము. అయితే దాని రెండవ ముఖము చూడవలసియున్నది. తూము నడపిన కూలి లేదు. కాని యంత్రములకు, మనుష్యులకు, మోసముల కాపలాకు ఖర్చు గలదు. ఆ ఖర్చును ఏండ్లతరబడి మోయగలవాడెవడు? పరదేశమున పెద్ద పెట్టుబడి గలవాడు. ప్రభుత్వము ఏటేట కొంత భత్య మిచ్చుచున్న మాట నిజమే. 2024-25 సంవత్సరమునకు 1,500 కోట్ల రూపాయలు మంజూరు చేసి, చిన్న వర్తకునికి చేరిన 2,000 రూపాయలలోపు చెల్లింపునకు నూటికి 15 పైసలు చొప్పున లెక్కగట్టిరి. ఆ పైసలను బ్యాంకులును యాప్‌లును పంచుకొన్న పిదప క్రొత్తవాని దోసిటిలో పడునది తడి మాత్రమే. పెద్దవానికి ఆ తడితో పనిలేదు. వాడు అదే తెరమీద అప్పులు, బీమా, బంగారము చూపును; పలుకు పెట్టెకు నెల అద్దె పుచ్చుకొనును. అంగడివాని రోజువారీ రాబడి వాని కన్నులయెదుట నుండుటచే ఎవనికి ఎంత అప్పు అంటగట్టవచ్చునో మన షావుకారులకంటె బాగుగ ఎఱుగును. ఉల్లి రైతు ఎవనివద్ద పెట్టుబడికి సొమ్ము తెచ్చుకొన్నాడో ఆ కమీషనుదారు కాటాయొద్దనే బస్తా దింపవలసివచ్చుట గూడెపువారికి తెలియనిది గాదు. రేపు అంగడివాని గతియు నంతే.

ఇక ఈ కంపెనీల పొత్తుల సంగతి చూతము. ఫోన్‌పేగాని, గూగుల్ పేగాని యూపీఐలో బ్యాంకు గాదు. ఏదో యొక బ్యాంకు వీపు నెక్కి గాని అవి కాలువలోనికి దిగలేవు. 2020 మార్చి 5న రిజర్వు బ్యాంకు యెస్ బ్యాంకును అదుపులోనికి తీసికొనెను. నాడు ఫోన్‌పే నిలిచియున్నది ఆ యొక్క బ్యాంకు వీపుమీదనే. తెల్లవాఱునప్పటికి కోట్లకొలది జనుల ఫోనులలో అది మూగవోయినది. ఒకనాటి కష్టము తరువాత ఐసీఐసీఐ బ్యాంకు వీపెక్కి లేచినది. ఆ కష్ట సమయమున పేటీఎంవారు మా బ్యాంకునకు రండని బహిరంగముగా పిలిచి వేళాకోళ మాడిరి. వీరును మాటకు మాట అప్పజెప్పిరి. నాలుగేండ్లు గడచెను. 2024 జనవరి 31న రిజర్వు బ్యాంకు ఆ పేటీఎం పేమెంట్స్ బ్యాంకుపైననే ఆంక్షలు విధించెను. మార్చి 15 పిమ్మట దానిలో క్రొత్త డిపాజిట్లు వేయరాదనెను. అప్పుడు పేటీఎం యాక్సిస్, హెచ్‌డీఎఫ్‌సీ, స్టేట్ బ్యాంకు, యెస్ బ్యాంకులను నాలుగింటిని ఆశ్రయించి తల దాచుకొనెను. ఒకనాడు తాము పరిహసించిన కూలిన గోడయే, మరల నిలిచి, తమకు నాలుగు గోడలలో నొకటి యైనది. దీనిని చూచి నవ్వుటకు మాకు మనసొప్పదు. ఆ రెండు పర్యాయములును నడివీధిలో నిలిచినది కంపెనీవారు గారు. డబ్బు అందులో నున్న సామాన్యులు.

ఈ పొత్తులలో మఱియొక మాయ గలదు. దానిని మేము స్వయముగ చూచితిమి. నిరుడు కొల్లేటి లంక గ్రామమునుండి చిన్న చేపల వ్యాపారి యొకడు మా యింటికి వచ్చెను. లారీకి మంచు నింపించుకొనుటకై మంచు ఫ్యాక్టరీకి 18,400 రూపాయలు ఫోనులో పంపినాడు. ఖాతాలో తఱుగు పడినది, అవతల చేరలేదు. చేరనిదే మంచు వేయనని ఫ్యాక్టరీవాడు. అందులో వాని తప్పేమున్నది? సరకు సగము చెడినది. యాప్‌వారి నడుగగా యంత్రము జవాబిచ్చెను: మీ బ్యాంకు నడుగుడని. బ్యాంకువారు చెప్పిరి: యాప్‌వారి నడుగుడని. ఆతడు మా యెదుట కూర్చుండి, "అయ్యా, డబ్బు నా దగ్గర లేదు, ఆయన దగ్గరా లేదు. మరి ఎవరి దగ్గరున్నట్టండీ?" అని యడిగెను. ఇరువది యేండ్లుగా ధర్మశాస్త్రము చదివిన మేము ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయితిమి.

డబ్బు 23వ దినమున తిరిగివచ్చెను. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20 నాటి యుత్తరువు ప్రకారము, వర్తకునికి పంపిన సొమ్ము చేరనిచో అయిదు దినములలోపల దానంతట అది తిరిగిరావలయును. మించిన ప్రతి దినమునకు నూఱు రూపాయలు పరిహార మీయవలయును. అడుగకయే యీయవలయునని స్పష్టముగా నున్నది. 18 దినములకు 1,800 రూపాయలు. ఆ 1,800 రాబట్టుటకు మేము నాలుగు జాబులు వ్రాసితిమి. ఫిర్యాదుకు విధించిన వరుస చూడుడు: మొదట యాప్, పిమ్మట యాప్‌నకు వీపిచ్చిన బ్యాంకు, పిమ్మట తన బ్యాంకు, పిమ్మట పేమెంట్స్ కార్పొరేషన్, కడపట రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్. అయిదు గడపలు! కొల్లేటిలో పడవ నడపుకొనువాడు ఎన్ని గడపలు తొక్కగలడు?

1932 నాటి భాగస్వామ్యపు చట్టము 25వ సెక్షను ప్రకారము సంస్థ చేసిన పనికి ప్రతి భాగస్వామియు తక్కినవారితో కలిసియు, విడిగను బాధ్యుడు. ఊరిలో ఇద్దఱు కలిసి కిరాణా కొట్టు పెట్టిన వారి నీ న్యాయము కట్టును. యాప్‌నకును బ్యాంకునకును నడుమనున్నది ఆ చట్టపు భాగస్వామ్యము గాదని మాకు తెలియక పోలేదు. వేఱు వేఱు ఒడంబడికలతో చాల తెలివిగా అల్లిన వల యది. మా యాక్షేపణ యంతయు దానిమీదనే. లాభము చెప్పునప్పుడు పత్రికా ప్రకటనలలో చేతులు కలిపి నవ్వుచు ఫొటో తీయించుకొందురు, భాగస్వాములమందురు. మంచు లేక చేపలు చెడినవాడు తలుపు తట్టినప్పుడు, ఆయనెవరో మాకు తెలియదందురు.

వీరి కలహములు సైతము ఇట్టివే. ఫోన్‌పేవారికి భారత్‌పేవారికి 'పే' అను ఒక్క యక్షరము ఎవరిదన్న వ్యాజ్యము అయిదేండ్లు నడచి 2024 మేలో రాజీ యైనది. అక్షరమును పెన్నిధివలె పంచుకొను వ్యాజ్యము మా యదృష్టమున మాకెన్నడును తగులలేదు. 2022 జూలైలో ఢిల్లీ చేరువ నోయిడా ప్రాంతమున ఒక కంపెనీ పలకలను తగులబెట్టిరని పోలీసులకు ఫిర్యాదు పోయినది. అంగడి గోడమీద స్థలముకై ఇంతటి పోరాటము చేయువారు అంగడివాని ఫిర్యాదుకై ఒక మనిషిని ఏలూరిలో కూర్చుండబెట్టలేరా?

పెద్దలు కొందఱు మాతో వాదింతురు. "వారు లేనిచో మన చేపలమ్మకు ఈ విద్య నేర్పినదెవరు? బ్యాంకుల యాప్‌లు తెఱచిన మూసికొనునవి, నడచిన తూలునవి. బాగుగా చేయువానివద్దకు జనము పోవుట తప్పా?" అని. ఈ వాదములో సత్యము గలదు. మన బ్యాంకులవారి బద్ధకమే తూమును పరులపాలు చేసినది. 2016 డిసెంబరున ప్రభుత్వము ఆర్భాటముగ విడుదల చేసిన భీమ్ యాప్ ఏండ్లతరబడి నూటికి ఒక వంతైన పొందలేకపోవుట ఎవరి దోషము? గూగుల్‌దా, వాల్‌మార్టుదా? పరదేశి గావున చెడ్డవాడు, స్వదేశి గావున మంచివాడు అను వాదము మాది గాదు. స్వదేశి జెండా పట్టుకొన్న పేటీఎంలోను చైనా పెట్టుబడి యుండెడిది; రిజర్వు బ్యాంకుచేత చీవాట్లు తిన్నదియు ఆ యిల్లే. మా వాద మొక్కటే: ఒక కాలువకు రెండే తూములుండి, ఆ రెండును ఇద్దఱి చేతులలోనే యుండుట, వారు ఎంత మంచివారైనను, ప్రమాదము. యెస్ బ్యాంకు ఒక్కటి తొట్రుపడిననాడు ఏమి జరిగినదో చూచితిమి గదా. ఆనాడు ఫోన్‌పే మూలబడినను దేశము నిలువకుండుటకు కారణము, మఱికొన్ని తూములు తెఱచియుండుటయే.

దీనికి పోలిక వెదకుకొనుచు బ్రెజిలుకును చైనాకును పోనక్కఱలేదు గాని, ఒక మాట. బ్రెజిలు కేంద్ర బ్యాంకు 2020 నవంబరున పిక్స్ అను పద్ధతి పెట్టినప్పుడు పెద్ద బ్యాంకులన్నియు చేరితీరవలెనని శాసించినది; వ్యక్తులకు ఉచితము, వర్తకునివద్ద రుసుము పుచ్చుకొనుటకు అనుమతి. కావున అక్కడి బ్యాంకు తన తూమును తానే నడపుకొనుటకు దారి గలదు. చైనాలో అలీపే, వీచాట్ అను రెండు ఏనుగులు పెరిగిన పిమ్మట ప్రభుత్వము 2018లో ఆ చెల్లింపులన్నియు ఉమ్మడి క్లియరింగు సంస్థగుండ పోవలెనని నిర్బంధించినది. ఏనుగు పెరిగిన పిమ్మట గొలుసు వేయుట ఎంత కష్టమో వారికి తెలియును. గొలుసు మనవద్ద ముందుగనే గలదు. వేయుటకు మనసే లేదు.

పోలిక కావలసిన మన ప్రక్కనే కొల్లేరు గలదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోసిన నీరు అందులో నిలిచి ఉప్పుటేరుగుండ సముద్రమున కలియును. ఆ నీరు ఎవని సొత్తును గాదు. లంక గ్రామముల పేదలు వలవేసి బ్రదికెడివారు. 1970 తరువాత పేదలకు మేలు చేయుటకని సహకార సంఘములు పెట్టి, సరస్సులో చెఱువులు త్రవ్వుకొన నిచ్చిరి. చెఱువునకు పెట్టుబడి కావలయును, పేదవానివద్ద లేదు. పెట్టుబడి గలవాడు కౌలునకు పుచ్చుకొనెను. సంఘము పేరు పేదలది, గట్టు పెద్దలది. కొన్నాళ్లకు వలవేసినవాడు తన సరస్సులోనే కూలివాడయ్యెను. 1999లో అయిదవ కాంటూరులోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగా ప్రకటించిరి. గట్లు మాత్రము పెరుగుచునే యుండెను. తుదకు 2006లో సుప్రీంకోర్టు ఆదేశముపై యంత్రములు దింపి గట్లు తెగగొట్టిరి. అప్పుడు ఏడ్చినదెవరు? పెట్టుబడిదారుడు లెక్క చూచుకొని మఱియొక చోటికి పోయెను. అప్పుచేసి చెఱువు పనిలో దిగిన చిన్నవాడు గట్టు తెగినచోట కూర్చుండి యేడ్చెను. పిమ్మట గట్లు కొన్ని మరల లేచినవి. ఆ కథ వేఱు. హద్దు ఉన్ననాడే దానిని నిలిపియున్నచో ఆ విధ్వంసమున కవసర ముండెడిది గాదు.

ముప్పది వంతుల హద్దును జరుపుటకు కార్పొరేషన్‌వారికి కారణము లేకపోలేదు. నడుమ తటాలున ఆపిన కొనువాడు, అమ్మువాడు ఇరువురును చిక్కున పడుదురనిరి. చేపలమ్మయొద్ద డబ్బు చెల్లించుచున్నవానిని నీ కంపెనీ వంతు నిండినది పొమ్మనుట ఎట్లు? నిజమే. కాని 2020లోనే తెలిసిన చిక్కునకు ఇన్నేండ్లలో మార్గము చూడకుండుట మా కర్థము కాలేదు. క్రొత్తగా చేరువారిని ఆ రెండు యాప్‌లు మెల్లగా చేర్చుకొనునట్లు కట్టడి చేయవచ్చును. ఇది అసాధ్యమని చెప్పుటకు వారికి నోరు లేదు. ఎందుకనగా వాట్సాప్ యాప్‌నకు సరిగా ఇట్టి కట్టడియే పెట్టిరి: మొదట రెండు కోట్లమంది, పిమ్మట నాలుగు కోట్లు, పిమ్మట పది కోట్లు. చిన్నవాడుగా నున్నవానికి మెట్టుమెట్టుగా హద్దు కట్టగలిగిన చేతులు పెద్దవానికి కట్టబోయిన వణకునా? చిత్రమేమనగా ఆ పది కోట్ల హద్దును ఎత్తివేసినదియు, ముప్పది వంతుల గడువు జరిపినదియు ఒకే దినమున - 2024 డిసెంబరు 31న. ఒక ఏనుగునకు జవాబుగా మఱియొక ఏనుగును తోటలోనికి వదలుటయే వారెఱిగిన పోటీ కాబోలు. పార్లమెంటు స్థాయీసంఘము 2024 ఫిబ్రవరిలోనే స్వదేశపు సంస్థలు ఎదుగవలయునని హెచ్చరించినది. ఆ నివేదిక ఏ బీరువాలో నిద్రించుచున్నదో.

కావున మేము కోరునది మూడు సంగతులు. 2026 డిసెంబరు 31 గడువు మరల జరుపరాదు; ఆలోపల మెట్టుమెట్టుగా తగ్గించు క్రమమును బహిరంగముగ ప్రకటింపవలయును. పెద్ద వర్తకులనుండి స్వల్ప రుసుము పుచ్చుకొన నిచ్చి, చేపలమ్మను, ఉల్లి చిల్లరవానిని దానినుండి పూర్తిగా తప్పింపవలయును. అప్పుడు గాని సహకార బ్యాంకు, తపాలా బ్యాంకు, చిన్న యాప్ బ్రదుకజాలవు. యాప్‌ను, దాని బ్యాంకును ఫిర్యాదుదారునియెదుట ఒకే ప్రతివాదిగా నెంచవలయును. మొదటి గడపలోనే వాని మొఱ తీరవలయును. ఈ మూడవది అన్నిటికంటె చిన్నది, అన్నిటికంటె ఆలస్యముగ వచ్చునదియు నదియే యని మా యనుభవము.

ఇవి ఢిల్లీలోను బొంబాయిలోను కావలసిన పనులు. మనము చేయదగినదియు కొంత గలదు. 1923లో బందరువారు దొరల బ్యాంకులను తిట్టుచు కూర్చుండక తమ బ్యాంకును పెట్టుకొనిరి. మన పని అంత కష్టమైనది గాదు. ఏ కంపెనీ పలక నైనను ఏ యాప్‌తో నైనను చూపి చెల్లింపవచ్చును. యాప్ మార్చినంత మాత్రమున ఖాతా మాఱదు. ఈ రెండు ముక్కలు తెలిసియు మనము అలవాటు వదలము. భీమ్ యాప్‌నో, తమ బ్యాంకు యాప్‌నో రెండవదిగా పెట్టుకొని వారమునకు నాలుగు చెల్లింపులైనను దానితో చేయువారు వేయిమంది ఏలూరిలో, వేయిమంది తాడేపల్లిగూడెములో దొరకరా? అంగడివారు తమ బ్యాంకు ఇచ్చిన పలకను కూడ ముందు నిలుపుకొనవచ్చును. ఒక తూము మూతపడిననాడు వారి బేరము నిలువదు.

ఈ పనికై మాలో అయిదుగురము వకీళ్లము ప్రతి యాదివారము ఉదయము తొమ్మిది గంటలకు ఏలూరు పఠనమందిరమున కూర్చుండెదము. డబ్బు తఱిగి చేరనివారు, పరిహారము రానివారు బ్యాంకు పుస్తకము, ఫోను, లావాదేవీ సంఖ్య వ్రాసికొన్న కాగితము తెచ్చుకొనుడు. జాబులు ఉచితముగా వ్రాసిపెట్టెదము. యాప్ మార్చు విధము మాతోకూడ కాలేజీ కుఱ్ఱవా రిద్దఱు చూపెదరు. పిన్ నంబరు మాత్రము మాకుగూడ చెప్పవలదు.